ఏ7 ఫోర్ కొనాలా, ఏ6700 సరిపోతుందా? సెన్సార్ల మీద తరచుగా అడిగే ప్రశ్నలు

పెళ్లిళ్ల సీజన్ దగ్గర పడితే చాలు, కడప, ప్రొద్దుటూరు, కర్నూలు, అనంతపురం వైపు ఫోటోగ్రఫీ చేసే తమ్ముళ్ల నుంచి ఇవే ప్రశ్నలు మొదలవుతాయి. ఒక చేతిలో సోనీ ఏ7 ఫోర్, ఇంకో చేతిలో సోనీ ఏ6700, మధ్యలో బడ్జెట్ టెన్షన్. ప్రతిసారీ ఫోన్‌లో చెప్పేకంటే ఒకచోట రాసి పెడితే మేలనిపించింది. ఏ ప్రశ్న కావాలంటే నేరుగా దానికే వెళ్లి చదువుకోవచ్చు. ఆటోఫోకస్, మెనూలు, పట్టు లాంటివి పెద్దగా ముట్టుకోలేదు. ఇక్కడ మాట్లాడేది సెన్సార్ గురించే.

## కొనాలా వద్దా అని ఆలోచిస్తున్నప్పుడు

అన్నా, రెండూ సోనీవే, రెండూ మిర్రర్‌లెస్సే. సెన్సార్‌లో అసలు తేడా ఏంది?

ముఖ్యమైన తేడా సైజు. 2021లో వచ్చిన ఏ7 ఫోర్‌లో ఫుల్ ఫ్రేమ్ సెన్సార్ ఉంది: 35.9 × 23.9 మిల్లీమీటర్లు, 33 మెగాపిక్సెల్స్. 2023లో వచ్చిన ఏ6700లో ఏపీఎస్-సీ సెన్సార్, అంటే మనవాళ్లు క్రాప్ సెన్సార్ అనేది: 23.3 × 15.5 మిల్లీమీటర్లు, 26 మెగాపిక్సెల్స్. వైశాల్యం లెక్క వేస్తే పెద్దది చిన్నదానికి సుమారు 2.4 రెట్లు. రెండూ బీఎస్ఐ రకమే (అదేంటో కింద చెప్తా), రెండింటికీ ఒకే ఈ-మౌంట్ (లెన్స్ తగిలించే నోరు), లోపల ఒకే తరం ప్రాసెసర్. అందుకే ఈ జంటను పోల్చడం సులువు. మిగతావన్నీ దగ్గరదగ్గరగా ఉన్నాయి కాబట్టి కనిపించే తేడాలో ఎక్కువ భాగం సెన్సార్‌దే.

ఒకే ఎఫ్ 2.8 (లెన్స్ రంధ్రం లెక్క, అంకె తగ్గితే రంధ్రం పెద్దది), ఒకే షట్టర్ (కాంతి పడే సమయం), ఒకే ఐఎస్ఓ (ఫోటో వెలుగు పెంచే సెట్టింగ్) పెడితే రెండు కెమెరాల్లో ఫోటో ఒకే వెలుగులో వస్తుంది. మరి ఫుల్ ఫ్రేమ్‌కు ఎక్కువ వెలుతురు ఎక్కడ పడినట్టు?

వాన లెక్కతో చూడండి. మండలంలో 20 మిల్లీమీటర్ల వాన పడిందంటే ఎకరం చేనుకూ అదే 20, రెండున్నర ఎకరాల చేనుకూ అదే 20. కానీ చేను మొత్తం మీద పడిన నీళ్లు కొలిస్తే పెద్ద చేనులో రెండున్నర రెట్లు ఎక్కువ. ఎక్స్‌పోజర్ అనేది ఆ మిల్లీమీటర్ల లెక్క, నాయిస్ (ఫోటోలో కనిపించే గింజ) తేల్చేది మొత్తం నీళ్ల లెక్క. ఒకే సెట్టింగ్‌లో ఏ7 ఫోర్ సెన్సార్ మొత్తం మీద సుమారు 2.4 రెట్ల కాంతి పడుతుంది, అంటే ఒకటింపావు స్టాప్ (ఒక స్టాప్ అంటే కాంతి రెట్టింపు). ఆచరణలో చెప్పాలంటే ఏ6700లో ఐఎస్ఓ 3200 దగ్గర కనిపించే నాయిస్, ఏ7 ఫోర్‌లో ఐఎస్ఓ 7500 దరిదాపుల్లో కనిపిస్తుంది. రెండు ఫోటోలనూ ఒకే సైజులో చూసినప్పుడు సుమా.

అయితే రాత్రి పెళ్లిళ్లకు ఏ6700 పనికిరాదా?

పనికొస్తుంది, కానీ ముందు లెన్స్ మాట తేలాలి. సెన్సార్ ఇచ్చే ఒకటింపావు స్టాప్‌ను లెన్స్ తిరిగి తేగలదు, పోగొట్టగలదు కూడా.

ఒక లెక్క చూద్దాం. ఏ6700కి 56 ఎంఎం ఎఫ్ 1.4 లెన్స్, ఏ7 ఫోర్‌కి 85 ఎంఎం ఎఫ్ 1.8 లెన్స్ తగిలించారనుకోండి. రెండింట్లో ఫ్రేమ్ దాదాపు ఒకటే వస్తుంది. 56ను 1.4తో భాగిస్తే లెన్స్ రంధ్రం 40 మిల్లీమీటర్లు, 85ను 1.8తో భాగిస్తే 47 మిల్లీమీటర్లు. ఇప్పుడు తేడా అర స్టాప్‌కు దిగిపోయింది. ముహూర్తం వేళ మండపంలో ఆ అర స్టాప్‌ను ఎవరూ కనిపెట్టలేరు. బ్యాక్‌గ్రౌండ్ మసక కూడా కొంచెమే తగ్గుతుంది.

జూమ్ లెన్సుల దగ్గర మాత్రం కథ వేరు. రెండు వైపులా ఎఫ్ 2.8 జూమే వేస్తే ఒకటింపావు స్టాప్ తేడా పూర్తిగా నిలబడుతుంది. ఇక ఏ6700కి ఎఫ్ 3.5-5.6 కిట్ లెన్స్ వేసి, పక్కవాడి ఏ7 ఫోర్, ఎఫ్ 2.8 జూమ్‌తో పోల్చుకుని, "క్రాప్ సెన్సార్ వేస్ట్" అని తీర్పు చెప్పేవాళ్లే ఎక్కువ. అక్కడ ఓడింది లెన్స్.

ఫ్లాష్‌కు అవకాశం లేని చోట మాత్రం ఫుల్ ఫ్రేమ్ డబ్బు వసూలు చేసి పెడుతుంది. ఒంటిమిట్ట కోదండరాముని కల్యాణం రాత్రిపూట జరుగుతుంది. మీడియా స్థలం ఎక్కడో దూరంగా ఉంటుంది కాబట్టి జూమ్ తప్పదు. కర్నూలు జిల్లా దేవరగట్టులో విజయదశమి రాత్రి బన్ని ఉత్సవమైతే దివిటీల వెలుగే దిక్కు. జనం పరుగులో ఉంటారు, షట్టర్ తగ్గించడానికి వీల్లేదు. ఇట్లాంటి పని తరచుగా చేసేవాళ్లకు ఏ7 ఫోరే నా సలహా.

26 మెగాపిక్సెల్, 33 మెగాపిక్సెల్ తేడా ఆల్బమ్‌లో తెలుస్తుందా?

తెలియదు. మన దగ్గర ఎక్కువగా నడిచేది 12 × 36 ఆల్బమ్. అందులో ఒక పేజీ 12 × 18 అంగుళాలు. దాన్ని 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు) నింపడానికి 5400 × 3600 పిక్సెల్స్ కావాలి. ఏ6700 ఇచ్చేది 6192 × 4128. సరిపోయి ఇంకా మిగులుతుంది. ఒకే ఫోటోను రెండు పేజీల మీదుగా పరిచినా ఏ6700కి 172 డీపీఐ, ఏ7 ఫోర్‌కి 195 డీపీఐ వస్తుంది. చేతిలో పట్టుకుని చూసే దూరంలో ఆ తేడా కంటికి ఆనదు. పెళ్లి గేటు దగ్గర కట్టే ఫ్లెక్సీకి ఇందులో సగం కూడా అక్కర్లేదు.

పిక్సెల్ పెద్దదైతేనే నాయిస్ తక్కువ అంట కదా?

సగం నిజం. ఏ7 ఫోర్ పిక్సెల్ వెడల్పు సుమారు 5.1 మైక్రాన్లు, ఏ6700ది సుమారు 3.8. ఒక్కో పిక్సెల్‌ను వంద శాతం జూమ్ చేసి చూస్తే పెద్ద పిక్సెలే శుభ్రంగా కనిపిస్తుంది. కానీ కస్టమర్ చూసేది పిక్సెల్‌ను కాదు, ఫోటోను. ఒకే సైజు ప్రింట్‌లో చూసినప్పుడు ఎక్కువగా లెక్కలోకి వచ్చేది సెన్సార్ మొత్తం వైశాల్యమే. మానిటర్ మీద వంద శాతం జూమ్ చేసి రెండు కెమెరాలను పోల్చే వీడియోలు చూసి నిర్ణయం తీసుకోవద్దు. ఒకటి 33, ఒకటి 26 కాబట్టి అక్కడ చూపించే ముక్కలే వేరు వేరు సైజువి.

బీఎస్ఐ, స్టాక్డ్ అని సేల్స్‌మన్ ఏదేదో చెప్తాడు. వీటిలో ఏది ఏది?

పాత పద్ధతి సెన్సార్లలో వైరింగ్ కాంతికి అడ్డంగా ముందు వైపు ఉంటుంది. బీఎస్ఐలో దాన్ని వెనక్కి మార్చారు. ఈ రెండు కెమెరాలూ బీఎస్ఐలే. స్టాక్డ్ అంటే సెన్సార్ వెనకాలే చదివే సర్క్యూట్, మెమరీ పొరలుగా అంటించి ఉండటం, దానివల్ల రీడౌట్ వేగం బాగా పెరుగుతుంది. ఈ రెండింట్లో ఏదీ స్టాక్డ్ కాదు. ఎవరైనా "ఇది స్టాక్డే సార్" అంటే వేరే దుకాణం చూసుకోండి.

గండికోటలో ప్రీవెడ్డింగ్ తీస్తే ఆకాశం తెల్లగా పోతుంది, లోయ నల్లగా పోతుంది. ఏ7 ఫోర్ కొంటే ఈ బాధ పోతుందా?

తగ్గుతుంది గానీ పోదు. సోనీ చెప్పే లెక్క ప్రకారం ఏ7 ఫోర్‌కి 15 స్టాప్‌ల డైనమిక్ రేంజ్ (ఒకే ఫోటోలో వెలుగునూ నీడనూ పట్టే శక్తి), ఏ6700కి 14కు పైన. ఈ అంకెలు కంపెనీవి, ఆచరణలో ఇంత చేతికి రాదు. కానీ రెండింటి మధ్య ఒక స్టాప్ దాకా తేడా ఉందన్న మాట నమ్మదగిందే. పెన్నా లోయ అంచున మధ్యాహ్నం రెండు గంటలకు నిలబెడితే ఆ ఒక్క స్టాప్ ఏ మూలకూ రాదు. అక్కడ రాళ్ల నీడకూ ఆకాశానికీ మధ్య తేడా అంత ఎక్కువ.

చేయాల్సింది రెండు కెమెరాలకూ ఒకటే. ఐఎస్ఓ 100లో ఉంచి, జీబ్రా (మరీ తెల్లబడే చోట తెర మీద చారలు చూపేది) ఆన్ చేసి, ఆకాశం కాలిపోకుండా ఎక్స్‌పోజర్ తగ్గించి తీయండి. నీడల్ని రా ఫైల్‌లో (సెన్సార్ ఇచ్చిన ముడి డేటా) తర్వాత ఎత్తుకోవచ్చు. మూడు స్టాప్‌లు ఎత్తినా రెండు సెన్సార్లూ తట్టుకుంటాయి, ఏ6700లో ముదురు నీడల్లో కాస్త గింజ కనిపిస్తుందంతే. కాలిపోయిన తెలుపును మాత్రం ఏ సెన్సారూ వెనక్కి ఇవ్వదు.

ఇదంతా వద్దు, ఒక్క మాటలో చెప్పు అన్నా.

లెన్సులు ఇంకా కొనలేదు, బడ్జెట్ గట్టిగా ఉంది, వీడియో కూడా ముఖ్యం అంటే ఏ6700 తీసుకుని, మిగిలిన డబ్బుతో రెండు ఎఫ్ 1.4 ప్రైమ్‌లు (జూమ్ లేని లెన్సులు) కొనండి. చేతిలో ఇప్పటికే ఫుల్ ఫ్రేమ్ లెన్సులున్నాయి, ఎక్కువ పని రాత్రిపూట జూమ్‌తోనే అంటే ఏ7 ఫోర్. సెన్సార్‌తో సంబంధం లేని కారణం ఇంకొకటుంది: ఏ7 ఫోర్‌కి రెండు కార్డ్ స్లాట్లు, ఏ6700కి ఒకటే. తలంబ్రాలు రెండోసారి పోయించలేం కదా.

## కొనేటప్పుడు

సెకండ్ హ్యాండ్ కెమెరా తీసుకుంటున్నా. సెన్సార్ బాగుందో లేదో అక్కడికక్కడే ఎట్లా చూసేది?

షట్టర్ కౌంట్ ఒక్కటే అడిగి ఊరుకోకండి. నాలుగు పరీక్షలకు పది నిమిషాలు చాలు. మీ మెమరీ కార్డ్, వీలైతే ల్యాప్‌టాప్ వెంట తీసుకెళ్లండి.

మొదటిది దుమ్ము, గీతలు. లెన్స్‌ను మాన్యువల్ ఫోకస్‌లో పెట్టి, ఎఫ్ 16కు మూసి, ఫోకస్ చెడగొట్టి ఖాళీ ఆకాశాన్ని గానీ తెల్లగోడను గానీ తీయండి. తీసిన ఫోటోలో కాంట్రాస్ట్ పెంచి చూడండి. గుండ్రటి బూడిద రంగు మచ్చలైతే దుమ్ము, తుడిస్తే పోతుంది. పొడుగ్గా, అంచు పదునుగా గీత కనిపిస్తే ఫిల్టర్ గాజు మీద గీత పడినట్టు. దాన్ని వదిలేయండి.

రెండోది హాట్ పిక్సెల్స్. లెన్స్ క్యాప్ పెట్టేసి, లాంగ్ ఎక్స్‌పోజర్ నాయిస్ రిడక్షన్ ఆఫ్ చేసి, ఐఎస్ఓ 800లో 10 సెకన్ల ఫోటో తీయండి. నల్లటి తెర మీద అక్కడక్కడ ఎరుపు, నీలం చుక్కలు కొన్ని ఉండటం మామూలే. మెనూలో పిక్సెల్ మ్యాపింగ్ ఒకసారి నడిపితే చాలావరకు మాయమవుతాయి. గుంపుగా ఒకేచోట ఉంటే అనుమానించాలి.

మూడోది లేజర్ దెబ్బ. డీజే ఈవెంట్లలో తిరిగిన కెమెరాల్లో ఇది ఉండొచ్చు. సాదా గోడ మీద ఒక నిమిషం వీడియో తీయండి. ఫ్రేమ్ ఈ చివర నుంచి ఆ చివరకు సన్నటి రంగు గీత గానీ, కదలని తెల్ల చుక్క గానీ కనిపిస్తే ధర ఎంత తగ్గించినా తీసుకోవద్దు. సెన్సార్ మార్పించే ఖర్చుకు ఆ బేరం గిట్టదు.

నాలుగోది స్టెబిలైజేషన్ (చేతి వణుకును సరిచేసే ఏర్పాటు). కెమెరా ఆఫ్ చేసి మెల్లగా ఊపితే లోపల ఏదో కదిలినట్టు అనిపిస్తుంది, భయపడకండి, ఈ రెండింట్లోనూ సెన్సార్ తేలుతూ ఉంటుంది. ఆన్ చేశాక కూడా కడకడ శబ్దం వస్తున్నా, లైవ్ వ్యూలో బొమ్మ వణుకుతున్నా అది లోపమే.

నా దగ్గర పాత క్రాప్ లెన్సులున్నాయి. ఏ7 ఫోర్‌కి వేసుకోవచ్చా?

పడతాయి, పని చేస్తాయి. కానీ సెన్సార్ మధ్యభాగమే వాడుకుంటుంది కాబట్టి 33 మెగాపిక్సెల్ కాస్తా 14కు పడిపోతుంది. నాయిస్ విషయంలో కూడా క్రాప్ కెమెరాగానే మారిపోతుంది. రెండు నెలలు గడుపుకోవడానికి పర్వాలేదు. ఎప్పటికీ అవే వాడేట్టయితే పెద్ద సెన్సార్‌కు డబ్బు పెట్టడం దండగ.

## పని మీద ఉన్నప్పుడు

ఏ7 ఫోర్‌లో ఐఎస్ఓ 320 కంటే 400 బాగుంటుందని ఎవరో చెప్పారు. నిజమేనా?

నిజమే. ఈ సెన్సార్‌లో రెండు గెయిన్ (సిగ్నల్ పెంచే) దశలున్నాయి. ఐఎస్ఓ 400 దగ్గర రెండోది మొదలై, రీడ్ నాయిస్ (సెన్సార్‌ను చదివేటప్పుడు చేరే గింజ) ఒక్కసారిగా తగ్గుతుంది. అందుకే నీడలు ఎత్తాల్సిన ఫోటో అయితే 250, 320 మీద ఆగకుండా 400కు వెళ్లడం మేలు. ఎండ బాగుంటే ఎట్లాగూ 100.

సైలెంట్ షట్టర్ పెడితే ఫంక్షన్ హాల్ ఫోటోల్లో అడ్డంగా చారలు వస్తున్నాయి. కెమెరా పోయిందా?

కెమెరాకు ఏమీ కాలేదు. ఎలక్ట్రానిక్ షట్టర్‌లో సెన్సార్ మొత్తం ఒకేసారి చదవదు, పైనుంచి కిందికి వరుసలుగా చదువుతుంది. ఏ7 ఫోర్‌లో పూర్తి ఫోటో చదవడానికి సెకనులో పదిహేనో వంతు దాకా పడుతుంది. మన కరెంటు 50 హెర్ట్జ్, చవక ఎల్ఈడీ బల్బు సెకనుకు 100 సార్లు మిణుకుతుంది. అంటే ఒక్క ఫోటో చదివే లోపల ఆరేడు సార్లు వెలుగు తగ్గి పెరుగుతుంది, చారలు కూడా అన్నే.

హాల్లో మెకానికల్ షట్టర్ వాడండి, చాలావరకు పోతుంది. శబ్దం రాకూడని చోట సైలెంటే కావాలంటే షట్టర్ 1/50 లేదా 1/100లో పెట్టండి. స్టేజీ వెనక ఎల్ఈడీ వాల్ ఉంటే దాని మిణుకు లెక్క వేరే కాబట్టి ముందే రెండు ఫోటోలు తీసి చూసుకోవాలి. కదిలే వాటికీ సైలెంట్ షట్టర్ పనికిరాదు. గుంతకల్లు జంక్షన్‌లో పరుగెత్తే రైలును అట్లా తీస్తే పెట్టెలు పక్కకు వంగి కనిపిస్తాయి.

ఏ7 ఫోర్ ఖరీదైంది కదా, మరి 4కె 60లో పెట్టగానే ఫ్రేమ్ ఎందుకు కట్ అవుతుంది?

ఎందుకంటే 33 మెగాపిక్సెల్ సెన్సార్ మొత్తం వెడల్పును సెకనుకు 60 సార్లు చదివేంత వేగం దానికి లేదు. 4కె 30 దాకా పూర్తి వెడల్పు చదువుతుంది, 60కి వెళ్లగానే మధ్యభాగానికి కుదించుకుంటుంది. 24 ఎంఎం లెన్స్ 36లా మారిపోతుంది, చిన్న హాల్లో వెనక్కి జరగడానికి చోటుండదు. పైగా ఆ మోడ్‌లో అది వాడేది క్రాప్ సైజు సెన్సార్‌నే, అంటే చీకట్లో ఫుల్ ఫ్రేమ్ లాభం కూడా పోయినట్టే.

చిన్నదైన ఏ6700 ఇక్కడ గెలుస్తుంది. 4కె 60ని దాదాపు పూర్తి వెడల్పు నుంచే తీస్తుంది, 4కె 120 కూడా ఇస్తుంది, అందులో 1.58 రెట్ల కట్ ఉంటుంది. మెరవణిలో డప్పు, చిందుల స్లో మోషన్ మీద బతికే వీడియో కుర్రాళ్లు ఏ6700 వైపు పోవడంలో తప్పేమీ లేదు.

మే నెల ఎండలో కెమెరా వేడెక్కి ఆగిపోతోంది. సెన్సార్ పాడవుతుందా?

పాడవకుండానే అది ఆగిపోయేది. మన దగ్గర మే నెలలో 42, 43 డిగ్రీలు మామూలు. సెన్సార్, ప్రాసెసర్ పుట్టించే వేడి బయటికి పోవడానికి చిన్న బాడీలో చోటు తక్కువ కాబట్టి ఏ6700 ముందుగా చేతులెత్తేస్తుంది, అందులోనూ 4కె 60, 120లలో. మెనూలో ఆటో పవర్ ఆఫ్ టెంప్‌ను హై చేయండి, తెరను బాడీకి దూరంగా తెరిచి ఉంచండి, షాట్‌కు షాట్‌కు మధ్య గొడుగు కింద పెట్టండి. ఆగకపోయినా వేడి వల్ల నాయిస్ పెరుగుతుంది. ఉష్ణోగ్రత ఆరు నుంచి ఎనిమిది డిగ్రీలు పెరిగితే సెన్సార్‌లో డార్క్ కరెంట్ (కాంతి లేకపోయినా పుట్టే సిగ్నల్) దాదాపు రెట్టింపవుతుంది. లాంగ్ ఎక్స్‌పోజర్లలో ఇది చుక్కల రూపంలో బయటపడుతుంది.

సంగీత్‌లో, మెరవణిలో లేజర్ లైట్లు పెడుతున్నారు. ఏమన్నా అవుతుందా?

అవుతుంది. మిర్రర్‌లెస్‌లో సెన్సార్ ఎప్పుడూ తెరుచుకునే ఉంటుంది. నేరుగా వచ్చిన లేజర్ కిరణాన్ని లెన్స్ ఒక చుక్కగా కేంద్రీకరిస్తుంది, కన్నుమూసి తెరిచేలోపు అక్కడి పిక్సెల్స్ కాలిపోతాయి. లెన్స్ వైపు లేజర్ పడనీయొద్దని మాన్యువల్‌లోనే హెచ్చరిక ఉంటుంది. సెన్సార్ పెద్దదా చిన్నదా అన్నదానితో దీనికి పని లేదు. డీజే వాళ్లతో ముందే మాట్లాడి కిరణాలు తల మీదుగా పోయేట్టు పెట్టించండి. వినకపోతే పక్క నుంచి గానీ, లేజర్ పెట్టె వెనక నుంచి గానీ తీయండి. స్టేజీ ఎదురుగా కెమెరాను ట్రైపాడ్ మీద వదిలేసి భోజనానికి పోవద్దు.

ధర్మవరం పట్టుచీర ఎరుపు ముద్దగా వస్తోంది, జరీలో రంగు అలలు వస్తున్నాయి. ఏ కెమెరా మంచిది?

రెండింట్లోనూ వస్తాయి, అవి రెండు వేరు వేరు సమస్యలు.

ముదురు ఎరుపు, రాణీ రంగు పట్టు మీద లైటు పడితే మూడు ఛానెళ్లలో ఎరుపు ఒక్కటే ముందుగా నిండిపోతుంది. మామూలు హిస్టోగ్రామ్ (ఫోటోలో వెలుగు ఎట్లా పరుచుకుందో చూపే గ్రాఫ్) బాగానే ఉందని చెప్తుంది, ఎరుపు మాత్రం గోడకు కొట్టుకుని ఉంటుంది. మడతలు, బుటీలు కలిసిపోయి ఒకే ముద్దయ్యేది అందుకే. తీసిన ఫోటోలో మూడు రంగుల హిస్టోగ్రామ్ చూసి, ఎరుపు అంచుకు తగులుతుంటే అర నుంచి ముప్పావు స్టాప్ తగ్గించండి.

అలలు వచ్చేది జరీ పోగుల సందు సెన్సార్ పిక్సెల్స్ సందుతో దగ్గరగా సరిపోయినప్పుడు. ఒక అడుగు ముందుకో వెనక్కో జరిగినా, జూమ్ కాస్త మార్చినా పోతుంది. ఎడిటింగ్‌లో తీయడం కంటే అక్కడ ఒక అడుగు వేయడం సులువు.

రోళ్లపాడులో కృష్ణజింకలు, పక్షులు తీయాలి. దూరానికి ఏది?

ఏ6700. ఒకే లెన్స్‌తో ఒకే చోట నిలబడి తీస్తే, ఏ7 ఫోర్ ఫోటోను అదే ఫ్రేమ్‌కు కత్తిరిస్తే మిగిలేది 14 మెగాపిక్సెల్, ఏ6700 ఇచ్చేది 26. జింక మీద పిక్సెల్స్ దాదాపు రెట్టింపు పడతాయి. ఎట్లాగూ కత్తిరిస్తున్నారు కాబట్టి పెద్ద సెన్సార్ నాయిస్ లాభం కూడా ఇక్కడ చేతికి రాదు.

## ఎడిటింగ్ దగ్గర

ఇప్పుడు ఏఐ డీనాయిస్ వచ్చింది కదా, ఇంకా ఫుల్ ఫ్రేమ్ ఎందుకు?

న్యాయమైన ప్రశ్నే. లైట్‌రూమ్‌లో 2023 ఏప్రిల్‌లో ఏఐ డీనాయిస్ వచ్చాక, ఏ6700 ఐఎస్ఓ 6400 ఫైళ్లు ఆల్బమ్‌కు ధైర్యంగా ఇవ్వొచ్చు. తక్కువ సంఖ్యలో ఫోటోలైతే దీనికోసమే పెద్ద కెమెరా కొననక్కర్లేదు. చిక్కల్లా సంఖ్యతోనే. ఒక్కో ఫైల్‌కు గ్రాఫిక్స్ కార్డును బట్టి సెకన్ల నుంచి నిమిషాల దాకా పడుతుంది. పెళ్లి మొత్తం నడిపితే పాత కంప్యూటర్ రాత్రంతా తిరుగుతూనే ఉంటుంది. పెద్దవాళ్ల ముఖం ముడతలు, కాసులపేరు మీద చెక్కుడు లాంటివి ఎక్కువ మోతాదులో నున్నగా ప్లాస్టిక్‌లా మారతాయి, ఆ ఫోటోలకు మోతాదు తగ్గించుకోవాలి.

ఏ7 ఫోర్ రా ఫైళ్లతో హార్డ్ డిస్క్ నిండిపోతోంది. ఏం చేయాలి?

కంప్రెస్డ్ రా పెడితే పిక్సెల్‌కు ఒక బైట్ లెక్కన ఏ7 ఫోర్‌లో ఫోటోకు 33 ఎంబీ దాటుతుంది, ఏ6700లో 26 దాటుతుంది. అన్‌కంప్రెస్డ్ అయితే రెట్టింపు. పెళ్లిళ్లకు కంప్రెస్డ్ చాలు. పైగా ఏ7 ఫోర్ సెకనుకు 10 ఫోటోల వేగం ఇచ్చేది అందులోనే, అన్‌కంప్రెస్డ్‌లో వేగం బాగా తగ్గిపోతుంది.

## సెన్సార్ శుభ్రత

అనంతపురం గాలికి లెన్స్ మార్చిన ప్రతిసారీ దుమ్ము పడుతోంది. ఇంట్లో తుడుచుకోవచ్చా?

తుడుచుకోవచ్చు, కానీ తుడవడం చివరి మెట్టు. ముందు మెనూలో ఉన్న క్లీనింగ్ మోడ్ నడపండి, సెన్సార్ వణికి కొంత దులిపేసుకుంటుంది. తర్వాత కెమెరా నోరు కిందికి పెట్టి రబ్బరు బ్లోయర్‌తో ఊదండి. నోటితో ఊదితే తుంపర అంటుకుంటుంది, స్ప్రే డబ్బా గాలి కొడితే అందులోని ద్రవం మరకవుతుంది, రెండూ వద్దు.

అయినా మచ్చ పోకపోతే స్వాబ్ (సెన్సార్ తుడిచే పుల్ల). ఏ7 ఫోర్‌కి 24 మిల్లీమీటర్ల వెడల్పుది, ఏ6700కి 16 మిల్లీమీటర్లది కొనాలి. సైజు మారితే అంచుల దగ్గర గీతలు మిగులుతాయి. బ్యాటరీ నిండుగా ఉండాలి. రెండు చుక్కల లిక్విడ్, ఈ చివర నుంచి ఆ చివరకు ఒకసారి, తిప్పి వెనక్కి ఒకసారి, అంతే. వాడిన స్వాబ్ పారేయండి, మళ్లీ అదే వాడితే దానికి అంటిన ఇసుక రేణువే గీత గీస్తుంది.

ఏ7 ఫోర్‌లో పవర్ ఆఫ్ చేయగానే షట్టర్ మూసుకునే సెట్టింగ్ ఉంది, అది ఆన్ చేసుకుని, ఆఫ్ చేశాకే లెన్స్ మార్చండి. మూసిన షట్టర్ రేకులు సున్నితం, వాటికి వేలు గానీ బ్లోయర్ మొన గానీ తగలనీయొద్దు. ఏ కెమెరా అయినా గాలికి వీపు పెట్టి, మౌంట్ నేల వైపు వంచి, కొత్త లెన్స్ వెనక మూత ముందే వదులు చేసుకుని మార్చాలి. చేను గట్ల మీద, క్వారీల దగ్గర షూట్ అయితే కారులో కూర్చుని అద్దాలు ఎత్తేసి, ఏసీ ఫ్యాన్ ఆపి మార్చుకోండి.